బూట్ మెనూను ఎక్కడ దిద్దాలి: విండోస్, ఉబుంటు, ఫెడోరా కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌లో గ్రబ్ సర్దుబాటు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ముందు విండోస్ 11, తర్వాత ఫెడోరా, చివరగా ఉబుంటు 24.04 ఎక్కించారు. ఆన్ చేయగానే ఉబుంటు పెట్టిన గ్రబ్ (ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో అడిగి దాన్ని లోడ్ చేసే ప్రోగ్రామ్) మెనూ వస్తోంది. ఇంట్లో మిగతావాళ్లు వాడేది విండోసే కనుక దాన్ని మెనూలో అన్నిటికంటే పైన ఉంచాలనుకుని, /బూట్/గ్రబ్ ఫోల్డర్‌లోని గ్రబ్.సీఎఫ్‌జీ ఫైల్ తెరిచి ఆ భాగాన్ని పైకి జరిపారు. కొన్నాళ్లు బాగానే ఉంది, కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ రాగానే మళ్లీ మొదటికొచ్చింది. మెనూ నిలిచే సమయం సున్నా అని రాసినా పది సెకన్లు ఆగుతూనే ఉంది. ఫెడోరాకు కొత్త కెర్నల్ వచ్చినా ఈ మెనూ నుంచి వెళ్తే పాతదే లోడవుతోంది. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి అయ్యాక అసలు మెనూయే రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంది. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని, వెనక ఒక ఫొటో పెట్టుకోవాలని ఉందని కూడా అడిగారు.

ఇవన్నీ ఒకే సమస్యకు వేర్వేరు రూపాల్లా కనబడతాయి గానీ, వీటిలో ఒకటి అసలు గ్రబ్‌కు సంబంధించినదే కాదు. మిగతావి గ్రబ్‌వే అయినా, మీరు చేయి పెట్టిన ఫైల్‌లో దిద్దవలసినవి కావు. ఏ మార్పు ఎవరు రాసే ఫైల్‌లో ఉంటుందో తెలిస్తే పని సగం అయినట్లే కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను. కమాండ్‌లను, ఫైల్ పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాలతోనే టైప్ చేయాలి.

పవర్ బటన్ నొక్కగానే మొదట పని చేసేది మదర్‌బోర్డులోనే ఉండే ప్రారంభ ప్రోగ్రామ్, అంటే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్. దాని సొంత మెమరీలో ఒక జాబితా ఉంటుంది: ఏ బూట్ లోడర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లోడ్ చేసే గ్రబ్ లాంటి ప్రోగ్రామ్‌ను) ముందు పిలవాలి, అది దొరక్కపోతే తర్వాత ఏది అని. ఆ బూట్ లోడర్‌లు ఉండేది డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌లో. ఇది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే చిన్న పార్టిషన్. విండోస్ తనంతట తాను చేసుకుంటే సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది. అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్ కింద మైక్రోసాఫ్ట్, ఉబుంటు, ఫెడోరా అని ఎవరి ఫోల్డర్ వారికి వేరుగా ఉంటుంది. యూఈఎఫ్‌ఐకి ముందున్న పాత బయోస్ కాలంలో డిస్క్ మొదటి 512 బైట్లలో 446 బైట్లే బూట్ కోడ్‌కు దక్కేవి. ఎవరు ఆఖరున ఇన్‌స్టాల్ అయితే వారు ముందున్నవారిని తుడిచేసేవారు. "విండోస్ ఎక్కిస్తే గ్రబ్ పోతుంది" అన్న మాట అప్పటిది. ఇప్పుడు చాలా సందర్భాల్లో గ్రబ్ ఎక్కడికీ పోదు, దాని ఫోల్డర్ అలాగే ఉంటుంది. ఫర్మ్‌వేర్ జాబితాలో విండోస్ ముందుకు వచ్చి, ఉబుంటు వెనక్కు జరుగుతుంది, అంతే. మీకు జరిగింది కూడా దాదాపు ఖాయంగా ఇదే. ఇలాంటప్పుడు గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని చెప్పే సలహాలు ఇంటర్నెట్‌లో కొల్లలు. పని జరుగుతుంది గానీ, అంత దూరం వెళ్లనక్కర్లేదు.

ఈ జాబితాను ఉబుంటు లోపలి నుంచే చూడవచ్చు. టెర్మినల్‌లో సుడోతో (అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారంతో) ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అని కొడితే, ముందుగా బూట్‌కరెంట్ అనే వరుస వస్తుంది. ఇప్పుడు మీరు ఏ దారిన లోపలికి వచ్చారో అది చెబుతుంది. తర్వాత బూట్‌ఆర్డర్ వరుసలో 0000,0002,0001 లాగా నాలుగేసి అంకెలు ఉంటాయి. ఆ కింద ఒక్కో అంకెకు ఎదురుగా విండోస్ బూట్ మేనేజర్, ఉబుంటు, ఫెడోరా అని పేర్లు ఉంటాయి. మీ యంత్రంలో ఉబుంటుకు 0002, విండోస్‌కు 0000, ఫెడోరాకు 0001 ఉన్నాయనుకుంటే, అదే కమాండ్‌కు హైఫన్, చిన్న ఓ అక్షరం చేర్చి 0002,0000,0001 అని ఇస్తే వరుస మారిపోతుంది. మూడింటినీ ఇవ్వండి, ఒక్కటే ఇస్తే మిగతావి జాబితాలో ఉన్నా వరుసలోంచి తప్పుకుంటాయి. మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోయిన రోజున ఉబుంటులోకి రావడం ఎలాగంటే, విండోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేస్తే వచ్చే నీలి తెరలో పరికరాన్ని ఎంచుకునే చోట ఉబుంటు పేరు కనబడుతుంది. లేదా ఆన్ చేస్తూనే మీ కంపెనీ బూట్ మెనూ కీ నొక్కాలి; చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ అయి ఉంటుంది.

కొన్ని ఫర్మ్‌వేర్‌లు మొండివి. మీరు ఏ వరుస ఇచ్చినా తర్వాతిసారి విండోస్ బూట్ మేనేజర్‌నే ముందు పిలుస్తాయి. అలాంటి యంత్రమైతే ముందు ఫర్మ్‌వేర్ సెట్టింగ్‌లలోకి వెళ్లి అక్కడే వరుస మార్చి సేవ్ చేయండి. అదీ నిలవకపోతే విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బీసీడీఎడిట్ కమాండ్‌తో బూట్ మేనేజర్ దారిని ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ ఫైల్‌కు (గ్రబ్ కంటే ముందు నడిచి దాన్ని పిలిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇది) మళ్లించే పద్ధతి ఒకటుంది. ఇది పని చేస్తుంది గానీ ఆఖరి ఉపాయంగానే ఉంచుకోండి. మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని బూట్ ఫైల్‌ను తీసేసి దాని పేరుతో గ్రబ్‌ను కాపీ చేసి పెట్టమనే సలహా కనబడితే మాత్రం దాని జోలికి వెళ్లకండి. విండోస్ అప్‌డేట్ ఆ ఫైల్‌ను ఎప్పుడైనా తిరగరాయవచ్చు.

విండోస్ అప్‌డేట్‌ల విషయంలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్ లోడర్‌లనే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉండి, విండోస్, లినక్స్ రెండూ ఉన్న అనేక డ్యూయల్ బూట్ యంత్రాల్లో లినక్స్‌ను ఆపేసింది. పాత లోపాలున్న బూట్ లోడర్‌లను నిరోధించే ఎస్‌బ్యాట్ అనే ఏర్పాటును అది కఠినం చేసింది. ఆ మార్పు డ్యూయల్ బూట్ యంత్రాలకు వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పినా, చాలాచోట్ల వర్తించింది. అప్పుడు తెర మీద షిమ్ ఎస్‌బ్యాట్ తనిఖీ విఫలమైందని, భద్రతా విధానం ఉల్లంఘన జరిగిందని సందేశం వచ్చి యంత్రం ఆగిపోయేది. మీకు వచ్చింది అది కాదు, ఎందుకంటే మీకు ఏ సందేశమూ రాలేదు. కానీ ఎప్పుడైనా అలా వస్తే గ్రబ్ ఫైళ్లను కెలికి లాభం లేదు. తాత్కాలికంగా సెక్యూర్ బూట్ ఆపి ఉబుంటులోకి వెళ్లి, ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేసి, తిరిగి ఆన్ చేయడమే దారి. షిమ్, గ్రబ్ ప్యాకేజీలను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకునేవారికి ఈ బెడద తక్కువ.

ఇక గ్రబ్ సంగతి. మీరు దిద్దిన గ్రబ్.సీఎఫ్‌జీ ఫైల్ మొదటి వరుసల్లోనే "ఈ ఫైల్‌ను ఎడిట్ చేయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. కింద అది ఏయే ఫైళ్ల నుంచి తయారైందో కూడా ఉంటుంది. ఒకటి /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ అనే సెట్టింగ్‌ల ఫైల్. రెండోది /ఈటీసీ/గ్రబ్.డీ అనే ఫోల్డర్‌లోని చిన్న చిన్న స్క్రిప్ట్‌లు. కెర్నల్ వచ్చినా, పోయినా, మీరు అప్‌డేట్-గ్రబ్ అని కొట్టినా, ఈ రెండింటినీ చదివి గ్రబ్.సీఎఫ్‌జీని మొదటి నుంచి కొత్తగా రాసేస్తారు. అది వండి వడ్డించిన విస్తరి. ఉప్పు తగ్గిందని విస్తట్లో కలుపుకుంటే ఆ పూటకే సరిపోతుంది. మార్పు ఈ రెండు చోట్లే చేయాలి, చేశాక సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. ఫెడోరాలో ఆ కమాండ్ ఉండదు. అక్కడ గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ అని, ఫలితం ఏ ఫైల్‌లోకి వెళ్లాలో చెబుతూ కొట్టాలి.

గ్రబ్.డీ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌ల పేర్ల ముందు అంకెలు ఉంటాయి: 00_హెడర్, 05_డెబియన్_థీమ్, 10_లినక్స్, 30_ఓఎస్-ప్రోబర్, 30_యూఈఎఫ్‌ఐ-ఫర్మ్‌వేర్, 40_కస్టమ్ ఇలా. మెనూలో పేర్లు వచ్చే వరుస ఈ అంకెల వరుసే. పదో నంబరు స్క్రిప్ట్ ఉబుంటు కెర్నళ్లను రాస్తుంది, ముప్పయ్యో నంబరు స్క్రిప్ట్ మిగతా ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికి రాస్తుంది; అందుకే విండోస్ కిందికి పోతుంది. ఏ స్క్రిప్ట్ వద్దనుకుంటే దాన్ని తీసేయకుండా ఛ్‌మాడ్ కమాండ్‌తో ఎగ్జిక్యూట్ అనుమతి మాత్రం తొలగిస్తే చాలు, అది ఇక పని చేయదు. మళ్లీ కావాలంటే అనుమతి తిరిగి ఇవ్వవచ్చు. మెమరీ పరీక్ష పేర్లు మెనూలో అడ్డుగా ఉన్నాయనుకుంటే ఇలాగే ఆపండి. ఫర్మ్‌వేర్ సెట్టింగ్‌లకు తీసుకెళ్లే పేరును మాత్రం ఉంచండి. ఆన్ చేసేటప్పుడు కీ నొక్కే క్షణం కోసం తంటాలు పడే పని దానివల్ల తప్పుతుంది.

విండోస్‌ను పైకి తేవడానికి 30_ఓఎస్-ప్రోబర్ పేరును 08 అని మార్చమని చాలామంది చెబుతారు. వెంటనే ఫలితం కనిపిస్తుంది, నిజమే. కానీ అది ప్యాకేజీకి చెందిన ఫైల్. పేరు మార్చాక భవిష్యత్తులో వచ్చే సవరణలు దానికి చేరవు. పైగా మీ యంత్రంలో అది విండోస్‌తో పాటు ఫెడోరాను కూడా పట్టుకుంటోంది, మీ ఫెడోరా సమస్యకు మూలం అదే. ఓఎస్-ప్రోబర్ ఫెడోరా పార్టిషన్‌ను చూసి, ఆ రోజు అక్కడ ఏ కెర్నళ్లు ఉన్నాయో ఉబుంటు మెనూలో రాసిపెడుతుంది. ఆ తర్వాత ఫెడోరా తన కెర్నల్‌ను అప్‌డేట్ చేసుకుంటే ఉబుంటుకు ఆ కబురు అందదు. మీరు ఉబుంటులోకి వచ్చి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టేదాకా పాత పేరే ఉంటుంది. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లనే ఉంచుకుని పాతదాన్ని తొలగిస్తుంది కనుక, కొన్నాళ్లకు ఆ పేరు నొక్కితే ఫైల్ లేదని చెప్పి ఆగిపోతుంది.

కాబట్టి నా సలహా ఏమిటంటే, మెనూ పెత్తనం ఒక్క ఉబుంటుకే ఇవ్వండి, కానీ ఉబుంటు గ్రబ్ చేత ఇతరుల కెర్నళ్లను లోడ్ చేయించకండి. ఎవరి బూట్ లోడర్‌ను వారికే అప్పగించేలా రాయండి. దీన్ని చెయిన్‌లోడింగ్ అంటారు. ఇందుకోసం 40_కస్టమ్ ఫైల్‌ను అదే ఫోల్డర్‌లో 06_కస్టమ్ అనే పేరుతో కాపీ చేయండి. ఆ ఫైల్‌లో మొదటి రెండు వరుసలను కదపకండి: రెండో వరుసలో ఉన్న టెయిల్ కమాండ్, మూడో వరుస నుంచి ఉన్నదంతా ఉన్నదున్నట్టు గ్రబ్.సీఎఫ్‌జీలోకి పంపుతుంది. కింద విండోస్‌కు ఒక మెనూఎంట్రీ రాయాలి. కొటేషన్ గుర్తుల్లో మెనూలో కనబడవలసిన పేరు, పక్కన రెండు హైఫన్లతో ఐడీ అని ఇచ్చి విండోస్11 లాంటి చిన్న గుర్తు, తర్వాత మీసాల బ్రాకెట్ల మధ్య నాలుగైదు వరుసలు. అందులో ఇన్‌స్‌మాడ్‌తో పార్ట్_జీపీటీ, ఫ్యాట్, చెయిన్ మాడ్యూళ్లు; సెర్చ్ కమాండ్‌తో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను దాని యూయూఐడీ (ఆ పార్టిషన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) ద్వారా వెతికి రూట్‌గా పెట్టే వరుస; చివరగా చెయిన్‌లోడర్ /ఈఎఫ్‌ఐ/మైక్రోసాఫ్ట్/బూట్/బూట్‌ఎంజీఎఫ్‌డబ్ల్యూ.ఈఎఫ్‌ఐ. యూయూఐడీ కోసం సుడో బీఎల్‌కేఐడీ కొట్టండి. ఫ్యాట్ పార్టిషన్‌ది చిన్నదిగా, మధ్యలో గీతతో ఎనిమిది అక్షరాలే ఉంటుంది, కనుక గుర్తుపట్టడం తేలిక. డిస్క్ పేరుతో, పార్టిషన్ నంబరుతో కాకుండా ఈ గుర్తుతోనే రాయడం ముఖ్యం, ఎందుకంటే యూఎస్‌బీ డిస్క్ ఒకటి పెట్టినా డిస్క్‌ల వరుస మారవచ్చు.

ఫెడోరాకు కూడా అచ్చంగా ఇలాంటిదే రాసి, చివరి వరుసలో దారి మాత్రం /ఈఎఫ్‌ఐ/ఫెడోరా/షిమ్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ అని మార్చండి. అక్కడ గ్రబ్‌ఎక్స్64 అనే ఫైల్ కూడా కనబడుతుంది, కానీ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దాన్ని నేరుగా పిలవకూడదు. షిమ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, ఫర్మ్‌వేర్‌కు అది తెలుసు. గ్రబ్ మీద ఉండేది ఫెడోరా సంతకం, ఉబుంటు షిమ్‌కు ఆ తాళంచెవి తెలియదు కనుక తిరస్కరిస్తుంది. ఇలా రాశాక మెనూలో ఫెడోరా ఎంచుకుంటే ఫెడోరా సొంత గ్రబ్ వస్తుంది, అక్కడ దాని తాజా కెర్నల్ ఉంటుంది. రెండు మెనూలు దాటాలి కదా అని అనిపించవచ్చు. ఫెడోరా వైపు సమయాన్ని ఒక సెకనుకు తగ్గించుకుంటే అది అడ్డనిపించదు. ఫెడోరా గ్రబ్.సీఎఫ్‌జీని ఉబుంటు గ్రబ్ చేత చదివించే ప్రయత్నం మాత్రం వద్దు. ఫెడోరా 30 నుంచి కెర్నల్ వివరాలు ఆ ఫైల్‌లో ఉండవు, /బూట్/లోడర్/ఎంట్రీస్‌లో ఒక్కో కెర్నల్‌కు ఒక్కో చిన్న ఫైల్‌గా ఉంటాయి. వాటిని చదివే మాడ్యూల్ ఉబుంటు 24.04 గ్రబ్‌లో లేదు.

ఇప్పుడు ఓఎస్-ప్రోబర్‌తో పని లేదు. నిజానికి 2021లో విడుదలైన గ్రబ్ 2.06 నుంచి దాన్ని మామూలుగా నడపడం లేదు. డిస్క్‌లోని ప్రతి పార్టిషన్‌నూ తెరిచి చూడటం భద్రత దృష్ట్యా మంచిది కాదన్నది కారణం. అయితే ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) తీరు దానిది కనుక అనుమానానికి తావు లేకుండా /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్ అని రాసి, సమానం గుర్తు పక్కన ట్రూ అని పెట్టండి. అది మీకు కావాలనుకుంటే ఫాల్స్ అని పెట్టాలి. ఆపడాన్ని ఆపమని చెప్పే ఈ తలకిందుల వ్యవహారంలో చాలామంది తికమకపడతారు.

మీ పది సెకన్ల చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసినప్పుడు సెట్టింగ్‌ల ఫైల్‌లో టైమౌట్ సున్నా అనే ఉంటుంది, స్టైల్ హిడెన్ అని ఉంటుంది. కానీ వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కనబడితే, వాడుకరికి ఎంచుకునే అవకాశం ఉండాలని, ఉబుంటు వారి ఓఎస్-ప్రోబర్ స్క్రిప్ట్ తానే స్టైల్‌ను మెనూగా మార్చి, సున్నా ఉన్న చోట పది పెడుతుంది. మీరు సున్నా రాశారు కనుకే పది అయింది. మూడో ఐదో రాసి ఉంటే అదే నిలిచేది. ఇప్పుడు ఓఎస్-ప్రోబర్‌ను ఆపేస్తే ఈ దిద్దుబాటు కూడా ఆగిపోతుంది, అప్పుడు సున్నా అంటే నిజంగానే సున్నా, మెనూ కంటికి కనబడదు. కాబట్టి ఆపిన వెంటనే గ్రబ్_టైమౌట్_స్టైల్‌ను మెనూ అని, గ్రబ్_టైమౌట్‌ను 5 అని మార్చడం మరవకండి. మైనస్ ఒకటి రాస్తే మీరు ఎంచుకునేదాకా కదలకుండా ఆగుతుంది. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను ఆన్ కావలసిన యంత్రాలకు అది పనికిరాదు. ఇవన్నీ సరిగా ఉన్నా ఒక్కోసారి ముప్పై సెకన్లు ఆగిందంటే, దానికి ముందుసారి ఉబుంటు పూర్తిగా పైకి లేవకుండానే ఆగిపోయిందని అర్థం. ఆ సమయాన్ని గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమౌట్ అనే వేరే సెట్టింగ్ నిర్ణయిస్తుంది.

దేన్ని డిఫాల్ట్‌గా పెట్టాలన్నది మీ ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది, కానీ ఎలా పెట్టాలన్న దానిపై నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గ్రబ్_డిఫాల్ట్ పక్కన అంకె పెట్టకండి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మెనూలో ఒక పేరు చేరినా తగ్గినా ఆ అంకె వేరేదాన్ని చూపిస్తుంది. బదులుగా మీరు మెనూఎంట్రీకి ఇచ్చిన ఐడీని, అంటే విండోస్11 అనే గుర్తును పెట్టండి. వరుస ఎంత మారినా అది మారదు. ఇంకో పద్ధతి సేవ్డ్ అని పెట్టడం. దానితో పాటు గ్రబ్_సేవ్‌డిఫాల్ట్‌ను ట్రూ చేస్తే, క్రితంసారి ఎంచుకున్నదే ఈసారి డిఫాల్ట్ అవుతుంది. మీరే రాసుకున్న మెనూఎంట్రీల లోపల సేవ్‌డిఫాల్ట్ అనే వరుసను మీరే చేర్చాలి, లేకపోతే వాటిని ఎంచుకున్న సంగతి నమోదు కాదు. ఇది వినడానికి చిన్న సౌకర్యంలా ఉంటుంది గానీ, ఉబుంటు డిఫాల్ట్‌గా ఉన్న యంత్రంలో విండోస్ పెద్ద అప్‌డేట్ నడిచేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఆ అప్‌డేట్ మధ్యలో రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ మెనూ దగ్గర ఎవరూ లేకపోతే యంత్రం ఉబుంటులోకి వెళ్లిపోతుంది, అప్‌డేట్ సగంలో నిలిచిపోతుంది. సేవ్డ్ పద్ధతిలో అది తిరిగి విండోస్‌లోకే వెళ్తుంది.

ఈ జ్ఞాపకం ఉండేది /బూట్/గ్రబ్‌లోని గ్రబ్‌ఈఎన్‌వీ అనే 1024 బైట్ల ఫైల్‌లో. బూట్ సమయంలో గ్రబ్ దానిలోకి రాయగలగాలి. మీ ఉబుంటు మామూలు ఎక్స్‌టీ4 ఫార్మాట్ పార్టిషన్‌లో ఉంటే చిక్కు లేదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫార్మాట్ మీద గానీ, పార్టిషన్‌లను కలిపి వాడే ఎల్‌వీఎం ఏర్పాటు మీద గానీ ఉంటే గ్రబ్ చదవగలదే తప్ప రాయలేదు, కనుక అక్కడ సేవ్‌డిఫాల్ట్ పని చేయదు. అలాంటి యంత్రాల్లో ఐడీ పెట్టుకోవడమే మేలు. ఒక్కసారికి మాత్రం విండోస్‌లోకి వెళ్లాలనుకుంటే మెనూ కోసం కాచుకోనక్కర్లేదు: సుడో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌కు హైఫన్, చిన్న ఎన్ అక్షరం, దాని పక్కన 0000 ఇచ్చి రీబూట్ చేస్తే, ఆ ఒక్కసారికి ఫర్మ్‌వేర్ నేరుగా విండోస్‌ను పిలుస్తుంది, తర్వాత పాత వరుసే.

ఆ చివరి ఉపాయం బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉన్నవారికి మరీ అవసరం. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ కొన్ననాటి నుంచే ఆన్‌లో ఉంటుంది, యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. బూట్ అయిన దారిని టీపీఎం అనే భద్రతా చిప్ కొలిచి పెట్టుకుంటుంది. గ్రబ్ మీదుగా విండోస్‌లోకి వెళ్తే ఆ కొలత మారి, 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కాబట్టి పైన చెప్పిన ఏ మార్పూ మొదలుపెట్టకముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. పనిలో పనిగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ నిజంగా ఆగదు, సగం నిద్రలోనే ఉంటుంది. లినక్స్ నుంచి ఆ పార్టిషన్‌లోకి రాయడం ప్రమాదం.

అలంకరణ గురించి క్లుప్తంగా. ఫొటోను పీఎన్‌జీ గానీ జేపెగ్ గానీ చేసి /బూట్/గ్రబ్ ఫోల్డర్‌లో పెట్టి, గ్రబ్_బ్యాక్‌గ్రౌండ్‌లో ఆ దారి ఇవ్వండి. హోమ్ ఫోల్డర్‌లో వద్దు, అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే గ్రబ్‌కు కనబడదు. ప్రోగ్రెసివ్ జేపెగ్‌ను గ్రబ్ చదవలేదు. అన్నీ సరిగా చేసినా ఫొటో రాకపోతే ముందు దాన్నే అనుమానించి, మామూలు జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేయండి. అక్షరాల పరిమాణానికి పెద్ద ఫాంట్ తయారు చేసి గ్రబ్_ఫాంట్‌లో ఇవ్వమని పాత వ్యాసాల్లో ఉంటుంది. 2022లో ఫాంట్ కోడ్‌లో భద్రతా లోపాలు బయటపడ్డాక, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే బయటి ఫాంట్‌లను చదవకుండా ప్రధాన డిస్ట్రోలు గ్రబ్‌ను కట్టడి చేశాయి. అందుకే గ్రబ్_జీఎఫ్‌ఎక్స్‌మోడ్‌లో 1280x720 లేదా 1024x768 రాసి, పక్కన కామా పెట్టి ఆటో అని చేర్చడం సులువైన దారి: తెర స్పష్టత తగ్గుతుంది, అక్షరాలు పెద్దవవుతాయి. మీ తెర ఏయే కొలతలకు ఒప్పుకుంటుందో మెనూలో సీ అక్షరం నొక్కి వీడియోఇన్ఫో అని కొడితే తెలుస్తుంది. మెనూలో పేర్లను తెలుగులో రాసుకోవాలని కొందరికి ముచ్చట. నాకూ ఇష్టమే, కానీ ఒత్తులను, గుణింతాలను కూర్చి చూపే ఏర్పాటు గ్రబ్‌లో లేదు. అక్షరాలు విడివిడిగా చెదిరి కనిపిస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే థీమ్‌ల విషయంలో ఒక హెచ్చరిక: వాటితో వచ్చే ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌ను చదవకుండా సుడోతో నడపకండి.

గ్రబ్ కస్టమైజర్ అనే గ్రాఫికల్ ప్రోగ్రామ్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. అది గ్రబ్.డీ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌లను పక్కకు జరిపి, వాటి స్థానంలో తన సొంత స్క్రిప్ట్‌లను పెడుతుంది. అంతా సవ్యంగా ఉన్నంతకాలం హాయి. ఏదైనా చెడితే ఎక్కడ ఏముందో చూసే ఇతరులకు అంతుచిక్కదు. నేను సిఫారసు చేయను. గ్రబ్‌నే వదిలేయాలనుకుంటే రిఫైండ్ అనే బూట్ లోడర్ మంచి ప్రత్యామ్నాయం: ప్రతిసారీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను అప్పటికప్పుడు వెతికి ఐకాన్‌లతో చూపిస్తుంది, పేర్లు పాతబడే సమస్యే ఉండదు. కానీ సెక్యూర్ బూట్‌తో దాన్ని కుదుర్చుకోవడం అదనపు పని. సిస్టమ్‌డీ-బూట్ అనే మరో బూట్ లోడర్ శుభ్రంగా ఉంటుంది, బిట్‌లాకర్ ఉన్న విండోస్‌ను ఎంచుకుంటే యంత్రాన్ని రీబూట్ చేసి ఫర్మ్‌వేర్ ద్వారానే పిలిచే సౌకర్యం కూడా దానిలో ఉంది. అయితే కెర్నళ్లు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనో, ఫర్మ్‌వేర్ చదవగల మరో బూట్ పార్టిషన్‌లోనో ఉండాలి కనుక విండోస్ చేసిన 100 ఎంబీ దానికి చాలదు. మీ యంత్రానికి గ్రబే తగినది.

మార్పులు చేసే ముందు /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌ను, గ్రబ్.డీ ఫోల్డర్‌ను కాపీ తీసి పెట్టుకోండి, కానీ ఆ కాపీని గ్రబ్.డీ లోపలే పెట్టకండి. ఎగ్జిక్యూట్ అనుమతి ఉన్న కాపీ కూడా స్క్రిప్ట్‌గా నడిచి మెనూలో ప్రతి పేరూ రెండుసార్లు వస్తుంది. అప్‌డేట్-గ్రబ్ అయ్యాక, రీబూట్‌కు ముందు, గ్రబ్-స్క్రిప్ట్-చెక్ కమాండ్‌కు గ్రబ్.సీఎఫ్‌జీ దారి ఇచ్చి నడపండి. మీసాల బ్రాకెట్ ఒకటి మరిచినా వరుస నంబరుతో చెబుతుంది, ఏమీ చెప్పకపోతే భాష సరిగా ఉన్నట్టు. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చేతికందేలా ఉంచుకోండి. మెనూ వచ్చి లోడ్ కాకపోతే ఆ పేరు మీద ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కితే దాని వరుసలు తెర మీదే తెరుచుకుంటాయి. అక్కడ దిద్ది ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి అలా బూట్ అవుతుంది, డిస్క్‌లో ఏమీ మారదు. యూయూఐడీ సరిగా ఉందో లేదో పరీక్షించడానికి ఇంతకంటే నిరపాయమైన చోటు లేదు. ఎస్కేప్ కీని ఒకటికి రెండుసార్లు నొక్కి నల్లటి గ్రబ్ ప్రాంప్ట్‌లో పడితే కంగారుపడకండి, నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే మెనూ తిరిగి వస్తుంది. ఎప్పుడైనా ఉబుంటును తీసేయాలనుకుంటే మాత్రం ముందు ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో ఫెడోరానో విండోస్‌నో వరుసలో ముందుకు తెచ్చి, అది బూట్ అవుతోందని చూసుకుని, ఆ తర్వాతే పార్టిషన్ తొలగించండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని ఉబుంటు ఫోల్డర్‌లో ఉండే గ్రబ్.సీఎఫ్‌జీ మూడు వరుసల చిన్న ఫైల్ మాత్రమే, అసలు మెనూ ఉబుంటు పార్టిషన్‌లో ఉంటుంది. పార్టిషన్ పోతే ఆ మూడు వరుసలకు వెతకడానికి చోటు దొరకదు, మీకు గ్రబ్ ప్రాంప్ట్ తప్ప ఏమీ కనబడదు.